రాగ్నా అల్లిన వల

బెర్గెన్‌లో వాన పడని శనివారం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఏ పనీ తెమలదు. అందుకని కొండవాలు మీద ఉన్న ఆ మూడు భవనాల వాళ్ళు ఏటా ఏప్రిల్ చివరి శనివారం, వాన ఉన్నా లేకపోయినా, వానకోట్లు తగిలించుకుని వెనక తోటలోకి దిగుతారు. ఇంటికొక మనిషి. జీతం లేదు, బలవంతం లేదు. ఆకులు ఊడ్చి, కంచెకు రంగు వేసి, చివర్లో నిలబడే వేడి వాఫిల్ మీద గోధుమరంగు జున్ను పలచగా కోసి వేసుకుని తిని వెళ్తారు. దీన్ని డుగ్నాడ్ అంటారు. రానివాళ్ళను ఎవరూ ఒక్క మాట అనరు. కానీ ఆ అనని మాట వచ్చే అక్టోబరు దాకా మెట్ల మీద ఎదురుపడిన ప్రతిసారీ వాళ్ళకు వినబడుతూనే ఉంటుంది.

నలభై ఏళ్ళలో రాగ్నా ఒక్క డుగ్నాడ్ కూడా తప్పలేదు. ఓడల కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్ళు తాళ్ళ మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. క్రేను ఎత్తే ప్రతి బరువుకూ తాడు ఎక్కడ చుట్టాలో, ముడి ఎక్కడ పడాలో చెప్పింది ఆవిడే. ఆవిడ వేసిన ముడి జారిందన్న మాట ఆ రేవులో ఎవరూ వినలేదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఎందుకంటే ఆవిడే చెబుతుంది. అరవై ఆరేళ్ళు వచ్చినా ముక్కుమీది కోపం తగ్గలేదు, గొంతూ తగ్గలేదు.

ఫిబ్రవరిలో మూడు భవనాల వాళ్ళూ సమావేశమైనప్పుడు రాగ్నా లేచి నిలబడింది. "తోట మధ్యలో ఉన్న ఆ తారు నేల పగలగొడదాం. పాత సైకిళ్ళు పడెయ్యడానికి తప్ప దేనికీ పనికిరావట్లేదది. పిల్లలకి ఆడుకునే చోటు చేద్దాం. ఎక్కడానికి తాళ్ళ వల నేను అల్లుతా. మే పదిహేడుకి తయారవ్వాలి."

ఎవరూ కాదనలేదు. మే పదిహేడు దేశం పండగ, అది పిల్లల పండగ. ఆ రోజు పేరు చెప్పి అడిగితే కాదనే గుండె ఎవరికీ లేదు. అదీగాక, అడిగింది రాగ్నా.

ఆవిడ అసలు ఎవరికోసం అడిగిందో మాత్రం ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఒకరు రాగ్నా. రెండోది ఆవిడ కూతురు తోర్దిస్. ఆమె వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. కట్టుకున్నప్పుడు కూడా ఎడమచెయ్యి సరిగ్గా మడతపడదు. చాచినా పూర్తిగా చాచుకోదు. మోచెయ్యి దగ్గర కొంచెం వంకరగా ఆగిపోతుంది.

ఆ వంకర వెనక కథ ముప్పై రెండేళ్ళ నాటిది. అప్పట్లో రాగ్నా కర్మాగారంలో మిగిలిన ఇనుపగొట్టాలు తెచ్చి, తనే అతికించి, ఇదే తోటలో పిల్లలు ఎక్కడానికి ఒక చట్రం నిలబెట్టింది. అతుకులు నున్నగా, అద్దం పట్టినట్టు వచ్చాయి. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటే రాగ్నా నేలమీద నడవలేదు. రెండో వారం వాన తడిలో గొట్టం మీద చెయ్యి జారి ఆరేళ్ళ తోర్దిస్ పైనుంచి పడింది. కింద తారు. మోచెయ్యి మూడు ముక్కలైంది. మర్నాడు రాగ్నా ఆ చట్రాన్ని కోసి ముక్కలు చేసి చెత్తలో వేసింది. తారు అలాగే ఉండిపోయింది. ఆ రోజు గురించి తల్లీకూతుళ్ళు ఆ తర్వాత ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

నిరుడు శరదృతువులో తోర్దిస్ తన అయిదేళ్ళ కూతురు సోల్వైని తీసుకుని ఇదే భవనాల్లో, పక్క మెట్లదారిలో మూడో అంతస్తులోకి వచ్చింది. బస్సు డిపో దగ్గరని. కొండమలుపుల మీద మంచులో ఇరవై టన్నుల బస్సును చిరునవ్వుతో తిప్పే మనిషి, కూతురు మూడు మెట్ల మీంచి దూకితే కేక పెడుతుంది. వచ్చిన మొదటి వారమే తల్లితో తేల్చి చెప్పేసింది. "అమ్మా, అన్నిటికీ సరేగానీ, నా పిల్ల ఆ తోటలో అడుగుపెట్టదు."

అప్పట్నించీ తోటలో మిగతా పిల్లలు బురదలో దొర్లుతుంటే, మూడో అంతస్తు కిటికీ అద్దానికి ఒక చిన్న ముక్కు అప్పచ్చిలా అతుక్కుని కనబడేది. రాగ్నా వంటింట్లోంచి రోజూ ఆ ముక్కును చూసేది. చూసి చూసి, ఫిబ్రవరిలో లేచి నిలబడింది.

సమావేశం అయిన రాత్రి భోజనం దగ్గర తోర్దిస్ చేప ముక్క మీద ఫోర్కు గుచ్చి అడిగింది.

"ఇదంతా నాకోసమేనా?"

"నీకోసం కాదు. నీ కూతురి ముక్కు కోసం. ఆ అద్దం తుడవలేక చస్తున్నావుగా."

"నవ్వులాట కాదమ్మా. నేను ఒప్పుకోవాలంటే నాకు లెక్కలున్నాయి."

"చెప్పు."

"కింద మెత్తగా ఉండాలి. వల రెండున్నర మీటర్లకి మించకూడదు. తోటలో విషపుమొక్క ఒక్కటి ఉండకూడదు. ఆటస్థలాల పరీక్షలు చేసే మనిషొకాయన ఉంటాడు, ఆయన వచ్చి చూసి సంతకం పెట్టాలి. నెత్తిన హెల్మెట్ లేకుండా ఏ పిల్లా ఎక్కకూడదు."

"అంతేనా?"

"అంతే."

"చివరిది నువ్వు చెప్పాలా! ముప్పై ఒక్క ఏళ్ళు హెల్మెట్ లేకుండా ఎవణ్ణీ తాడు ముట్టుకోనివ్వలేదు నేను. ఎర్రరంగుతో బోర్డు రాసి పెడతా."

తల్లీకూతుళ్ళు దేంట్లోనైనా మొదటి మాటకే ఏకమవడం అరుదు. ఆ రాత్రి ఇద్దరికీ భోజనం బాగా సహించింది. వాళ్ళను తప్పుపట్టడానికి కూడా లేదు. ఇక్కడి పిల్లలకు మాటలు రాకముందే గడ్డం కింద హెల్మెట్ పట్టీ బిగించుకోవడం వస్తుంది. సైకిలెక్కితే హెల్మెట్, మంచుమీద జారితే హెల్మెట్, స్కేట్లు కట్టుకుంటే హెల్మెట్. అది నెత్తినుంటే అమ్మకు నిశ్చింత, లేకపోతే పక్కింటివాళ్ళకు కూడా బెంగ.

మార్చి నెలంతా రాగ్నా భవనం కింది సామాన్ల గదిలోనే ఉంది. గుట్టలు గుట్టలుగా తాడు చుట్టలు, మధ్యలో ఒక స్టూలు, దాని మీద ఆవిడ. మామూలు ముడి వేస్తే పిల్లల వేళ్ళకు గట్టిగా తగులుతుంది, పైగా వానకు వదులవుతుంది. అందుకని తాడు పురి విప్పి, రెండో తాటి పురుల మధ్య దూర్చి, లోపలికి లోపలే అల్లేది. అలా అల్లిన చోట చెయ్యి పెట్టి నిమిరితే అతుకు ఎక్కడుందో తెలియదు. సోల్వైకి తోటలోకి దిగడానికి అనుమతి లేదుగానీ సామాన్ల గదిలోకి ఉంది. అమ్మమ్మ ఎదురుగా కూర్చుని తాడు కొస పట్టుకోవడం దాని ఉద్యోగం.

"గట్టిగా పట్టుకో. నువ్వు వదిలితే ఓడ మునుగుతుంది."

"ఏ ఓడ అమ్మమ్మా?"

"ఏదో ఒక ఓడ. పట్టుకోవే!"

వల అల్లే ముందు రాగ్నా ఇంకో పని చేసింది. మూడు భవనాల్లోనూ ఉన్న పదకొండుమంది పిల్లల తలలకూ, భుజాలకూ దారంతో కొలతలు తీసింది. ఒక్కొక్క దారానికీ పేరు రాసిన చీటీ కట్టి సామాన్ల గదిలో మేకుకు తగిలించింది. కారణముంది. ఎక్కే వలల్లో కన్నం ఎంత ఉండాలన్నదే ప్రాణం. పిల్లల ఒళ్ళు దూరేంత ఉండి తల పట్టనంత ఉంటే, కాళ్ళు ముందు జారి పిల్ల మెడ దగ్గర ఇరుక్కుంటుంది. అందుకని ఒళ్ళు దూరే కన్నంలో తల కూడా దూరి తీరాలి. రాగ్నా అన్నిటికంటే పెద్ద తలను చూసుకుని, దానికి నాలుగు వేళ్ళు కలిపి కన్నం పెట్టింది. ఆ పెద్ద తల సోల్వైదే.

"మీ వంశంలో అంతే. మొండితనం పట్టడానికి చోటుండాలిగా," అంది బోర్గిల్డ్ ఆ దారాన్ని చూసి.

బోర్గిల్డ్ కింది అంతస్తు మనిషి. ఎనభై ఒక్క ఏళ్ళు. రాగ్నాను 'ఒసే' అని పిలవగలిగే ప్రాణి ఈ భూమ్మీద ఆవిడొక్కతే మిగిలింది. అయితే విషపుమొక్కల లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆ బోర్గిల్డ్‌తోనే రాగ్నాకు తగువు పడింది. ఆవిడ కిటికీ కింద మనిషెత్తున పెరిగే ఊదారంగు పూలమొక్కలున్నాయి. వసనాభి జాతి. ఆకు మొదలు వేరు దాకా విషమే.

"యాభై ఏళ్ళుగా ఉన్నాయే అవి నా కిటికీ కింద. ఎవర్ని చంపాయి? నన్నా?"

"నిన్ను అవేం చంపగలవు పిన్నీ! పిల్లలు నోట్లో పెట్టుకుంటారని."

"పిల్లలకి బుద్ధి చెప్పుకో."

"రెండేళ్ళ పిల్లాడికి ఏం బుద్ధి చెబుతావు? పోనీ నువ్వు చెప్పు, వచ్చి కూర్చోబెడతా."

బోర్గిల్డ్ వారం రోజులు రాగ్నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు తలుపు కొట్టి, మోచేతుల దాకా వచ్చే రబ్బరు చేతితొడుగుల జత చేతిలో పెట్టింది. "తవ్వేటప్పుడు ఇవి వేసుకో. వేళ్ళతో సహా తియ్యి. వాటి బదులు ఎర్రటి చిన్న పళ్ళు కాసే పొదలూ, స్ట్రాబెర్రీలూ వెయ్యాలి. నా కిటికీ కిందే వెయ్యాలి. పిల్లలు కోసుకునేటప్పుడు నాకు కనబడాలి. అర్థమైందా?"

ఆ ఏప్రిల్ శనివారం వాన కుండపోతగా కురిసింది. అయినా రానివాళ్ళు లేరు. డ్రిల్లు యంత్రంతో తారు పగలగొట్టి, పెచ్చులు ఎత్తి, కింద గుల్లరాయి పరిచి నీళ్ళు పోయే దారి చేసి, దాని మీద మోకాలి కింది దాకా వచ్చేంత మందాన చెట్ల బెరడు ముక్కలు పోశారు. వాలులోనే మట్టి చెక్కి జారుడుబల్ల పడుకోబెట్టారు, పక్కకు పడినా గడ్డిమీదే పడేట్టు. నీళ్ళూ బురదా కలుపుకోవడానికి ఒక మూల చేతిపంపు, చెక్కతొట్టి. లార్చి చెట్టు దుంగలు రెండు పాతి, నలుగురు పట్టుకుంటే రాగ్నా వలను పైకి లాగించి బిగించింది. పైకొసన కర్మాగారం వాళ్ళు తనకు వీడ్కోలప్పుడు ఇచ్చిన ఇత్తడి గంట కట్టింది. గేటు దగ్గర ఎర్ర అక్షరాలతో బోర్డు కొట్టింది: 'హెల్మెట్ లేనిదే ఎక్కరాదు.'

తారు పెచ్చులు లారీలో పడుతుంటే రాగ్నా పని ఆపి చూస్తూ నిలబడింది. తోర్దిస్ కూడా వాఫిళ్ళ బల్ల దగ్గర గరిటె పట్టుకుని చూసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

పండగకు వారం ముందు శనివారం పరీక్షలు చేసే హౌకోస్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మాట ఖర్చుపెట్టడం ఇష్టంలేని మనిషి. తోట చుట్టూ జనం చేరారు. తోర్దిస్ కూతురి చెయ్యి పట్టుకుని గేటు బయట నిలబడింది. సంతకం పడేదాకా పిల్లను లోపలికి పంపదు.

హౌకోస్ బెరడులోకి ఇనుపచువ్వ దింపి లోతు చూశాడు. జారుడుబల్ల అంచులు వేలితో తడిమాడు. పంపు హ్యాండిల్ సందులో పెన్సిలు దూర్చి వేలు నలుగుతుందేమో చూశాడు. పూలమడుల దగ్గర వంగి ఆకులు తిప్పి చూశాడు. బోర్గిల్డ్ కిటికీలోంచి, "వెతుకు నాయనా వెతుకు. అన్నీ తవ్వించేసింది మహాతల్లి," అని అరిచింది.

చివరికి వల దగ్గరికి వచ్చాడు. అల్లిక మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తియ్యకుండా అలాగే కిందిదాకా జరిపాడు.

"ఇది ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు," అంది రాగ్నా.

"చేత్తో అల్లారా?"

"కాళ్ళతో రాదు కదా."

జనం నవ్వారు. హౌకోస్ కూడా నవ్వబోయి ఆగాడు. కారులోంచి అయిదేళ్ళ పిల్లంత బరువున్న గుడ్డబొమ్మను తెచ్చాడు. దాని కాళ్ళు ముందు వలకన్నంలోకి వదిలాడు. నడుము దూరింది, భుజాలు దూరాయి, తల దూరింది. బొమ్మ బెరడులో ధబ్బున పడింది. పది కన్నాల్లో వేశాడు, పదిసార్లూ పడింది.

"ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. చేతి అల్లికలో కన్నాలు ఇంత సమంగా రావడం నేను చూళ్ళేదు రాగ్నా గారూ," అన్నాడు.

రాగ్నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. గేటు వైపు చూసింది. తోర్దిస్ మొహంలో ఏదో మెత్తబడుతోంది. సోల్వై అప్పటికే పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుని, ఒక కాలు గేటులోపల పెట్టి ఉంది.

హౌకోస్ సంతకం కోసం కాగితం తీస్తూ గేటు దగ్గరి బోర్డు చదివాడు. మళ్ళీ చదివాడు. కలం జేబులో పెట్టుకున్నాడు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే. ఏం, అక్షరాలు బాలేవా?"

ఆయన సోల్వై ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "బంగారం, నీ టోపీ ఒక్క నిమిషం ఇస్తావా?" అన్నాడు. తీసుకుని బొమ్మ తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాడు. ఇందాకటి కన్నంలోకే వదిలాడు. కాళ్ళు దూరాయి. నడుము దూరింది. భుజాలు దూరాయి.

హెల్మెట్ దూరలేదు. బొమ్మ గడ్డం కింది పట్టీకి వేలాడుతూ అటూ ఇటూ ఊగింది. హెల్మెట్ మీద సోల్వై అంటించుకున్న ఎర్రపురుగుల బొమ్మలు అందరికీ కనబడుతున్నాయి.

వాన నీళ్ళు వాటి మీంచి కారుతున్నాయి.

"సైకిల్ మీద ఉన్నంతసేపూ ఇది ప్రాణం కాపాడుతుంది," అన్నాడు హౌకోస్ నెమ్మదిగా. "దిగి ఇలాంటిదేదైనా ఎక్కితే ఇదే ఉరి. తలను లెక్కపెట్టుకుని కన్నం పెట్టారు. హెల్మెట్‌ను ఎవరూ లెక్కపెట్టరు. మీ తోట బ్రహ్మాండంగా ఉంది. ఈ ఒక్క బోర్డూ తీసెయ్యండి. హెల్మెట్లు గేటు దగ్గరే విప్పి పెట్టుకునే ఏర్పాటు చెయ్యండి. పండగ రోజు పొద్దున్నే వచ్చి చూసి సంతకం పెడతాను."

రాగ్నా బోర్డు వైపు చూసింది. ముప్పై రెండేళ్ళ క్రితం కూడా అతుకులు చూసుకుని మురిసిపోయి కింద ఉన్న తారు చూడలేదు. ఇప్పుడు తాళ్ళు చూసుకుని మురిసిపోయి...

"ఆ బోర్డు నాది." తోర్దిస్ గేటు దాటి వచ్చింది. "మా అమ్మ చేత నేనే రాయించాను."

"రాసింది నేనేగా," అంది రాగ్నా.

తోర్దిస్ బొమ్మ మెడ దగ్గర పట్టీ విప్పింది. హెల్మెట్ చంకన పెట్టుకుని, ఏడుస్తున్న సోల్వై చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

జనం ఒక్కొక్కరే జారుకున్నారు. రాగ్నా వానలో బల్ల మీద కూలబడింది. కాసేపటికి బోర్గిల్డ్ కర్ర పొడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుని, ముందురోజు మిగిలిన వాఫిల్ ఒళ్ళో పెట్టింది.

"ఆ చట్రం రోజు కూడా నువ్విలాగే కూర్చున్నావు. అప్పుడు లేచి ఏం చేశావు?"

"కోసి పారేశాను."

"మరి ఇప్పుడు దీన్నీ కోసేస్తావా?"

రాగ్నా వల వైపు చూసింది. "కొయ్యను పిన్నీ. నా వలలో తప్పు లేదు. నా బోర్డులో ఉంది తప్పు."

"అయితే ఇంకా కూర్చున్నావేం? లేచి ఆ బోర్డు పీకు. నన్ను పీకమంటావా ఈ వయసులో?"

మర్నాడు ఆదివారం పొద్దున రాగ్నా మిగిలిన లార్చి పలకలు గేటు దగ్గర పరిచింది. హెల్మెట్లు తగిలించడానికి మొదట కొక్కేలు అనుకుంది. పరుగెత్తే పిల్లల కళ్ళ ఎత్తులో కొక్కెం ఉంటుందని తట్టి అవి పక్కన పడేసింది. తాడుతో ఉచ్చులు అనుకుంది. మెడ గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. చివరికి గూళ్ళు చేద్దామని తేల్చుకుంది. పదకొండు గూళ్ళు, అంచులు గుండ్రంగా, పైన వాన కారిపోయే ఏటవాలు కప్పు. ఇంత ఆలోచన ఆ బోర్డు రాసేరోజు చేసి ఉంటే బాగుండేదని తనను తాను తిట్టుకుంటూ పలక కోసింది.

రెండో పలక నిలబెట్టి మేకు కొట్టబోతుంటే అది పక్కకు ఒరిగింది. ఎవరో పట్టుకున్నారు. వంకరగా ఆగిపోయే మోచెయ్యి. రాగ్నా తల ఎత్తలేదు.

"నిన్నట్నించీ ఆ బొమ్మే కనబడుతోంది," అంది తోర్దిస్. "అన్ని లెక్కలూ రాసుకున్నాను. అన్నిటికంటే నేనే జాగ్రత్త అనుకున్నాను. నా లెక్కే నా పిల్లని ఉరి తీసేది."

"నీ లెక్క ఒక్కటేనా? ముప్పై ఒక్క ఏళ్ళు హెల్మెట్ పెట్టుకుని తిరిగిన బుర్ర ఇది. ఒక్క క్షణం అడగలేదు, ఇది ఇక్కడ ఎందుకు అని. పలక కొంచెం ఎత్తు."

తోర్దిస్ ఎత్తింది. రాగ్నా మేకు కొట్టింది. రెండో మేకు పళ్ళ మధ్య పెట్టుకుని, మళ్ళీ తీసి చేతిలో పట్టుకుంది.

"తోర్దిస్."

"ఊఁ."

"ఆ రోజు... కింద తారు ఉందని నేను చూడలేదు. రోజూ దాని మీదే నడిచాను. గొట్టాలు చూసుకున్నానే తప్ప కిందికి చూడలేదు. ఆ మాట నీకు చెప్పాలని ముప్పై రెండేళ్ళుగా అనుకుంటున్నాను. తప్పు నాదేనమ్మా."

తోర్దిస్ పలకను భుజానికి ఆనించి పట్టుకుంది.

"నేను పడ్డందుకు నీమీద కోపం లేదమ్మా," అంది. "మర్నాడు నువ్వు దాన్ని కోసేశావు చూడు, అందుకు. చెయ్యి కట్టు విప్పగానే మళ్ళీ ఎక్కుదామనుకున్నాను. పైదాకా ఎక్కలేదు నేను. ఇంకొక్క గొట్టం మిగిలింది."

రాగ్నా చేతిలో మేకు బెరడులో పడిపోయింది. ఆవిడ దాన్ని వెతుకుతున్నట్టు కిందికి వంగి, అవసరమైనదానికంటే ఎక్కువసేపు వెతికింది.

మే పదిహేడున, నమ్మండి నమ్మకపోండి, ఎండ కాసింది. పొద్దున్నే హౌకోస్ జెండా గుర్తున్న కోటుతో వచ్చి గూళ్ళ అంచులు తడిమి, ఈసారి నిజంగా నవ్వి సంతకం పెట్టి వెళ్ళాడు. ఊరేగింపు అయిపోయి, సాసేజీలూ ఐస్‌క్రీములూ అయిపోయి, అమ్మమ్మలు కుట్టిన ఖరీదైన పండగబట్టలు విప్పించి పాతబట్టలు తొడిగాక పిల్లలు స్కూటర్ల మీదా సైకిళ్ళ మీదా గేటు దగ్గరికి దూసుకొచ్చారు. గేటు దగ్గర ఆగి పదిమంది పది హెల్మెట్లు గూళ్ళలో పెట్టి లోపలికి ఉరికారు. ఒక గూడు ఖాళీగా ఉంది.

తోర్దిస్ సోల్వైని తీసుకుని వచ్చింది. గేటు దగ్గర వంగింది. గడ్డం కింది పట్టీని తన చేతులతో విప్పింది. పసుపుపచ్చ హెల్మెట్‌ను పదకొండో గూట్లో పెట్టింది. అంతే, పిల్ల చెయ్యి వదిలేసింది.

సోల్వై వల మొదటి వరస ఎక్కింది. రెండో వరస. మూడో వరస. ఇంకొక్క వరస ఎక్కితే గంట అందుతుంది. చెయ్యి చాచింది. కాలు జారింది.

వల పక్కగా దొర్లుకుంటూ వచ్చి బెరడులో వెల్లకిలా పడింది.

అందరి కళ్ళూ తోర్దిస్ మీదికే తిరిగాయి. రాగ్నా బల్ల మీంచి సగం లేచి, లేచిన చోటే ఆగింది. తోర్దిస్ కుడిచేత్తో తన ఎడమ మోచేతిని గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. కాళ్ళు కదల్లేదు.

సోల్వై లేచి కూర్చుంది. జుట్టునిండా బెరడు. ఏడవాలో నవ్వాలో తెలియక అమ్మ మొహం చూసింది.

"మెత్తగా ఉందా?" అంది తోర్దిస్.

"ఊఁ."

"చెయ్యి ఆడించు. రెండోది. ఆఁ." ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "అయితే ఇంకేం చూస్తున్నావు? ఒక్క వరసేగా మిగిలింది. మళ్ళీ ఎక్కు."

ఈసారి సోల్వై తీరిగ్గా, ఒక్కొక్క తాడూ ఒడిసి పట్టుకుని ఎక్కింది. ఇత్తడి గంట రేవుదాకా వినబడేలా మోగింది. ఆపమన్నా ఆపకుండా మోగిస్తూనే ఉంది.

బోర్గిల్డ్ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఒసే రాగ్నా! నీ తాళ్ళు బాగా నిలబడ్డాయే!"

తన తాళ్ళను ఎవరైనా మెచ్చుకుంటే రాగ్నా ఊరికే వదిలిపెట్టిన రోజు అంతకుముందు లేదు. పది నిమిషాలు తక్కువ కాకుండా ఆ అల్లిక గురించి చెప్పి గానీ వదలదు. ఆ రోజు మాత్రం ఆవిడ వల వైపే చూడలేదు. గేటు దగ్గర, వంకర మోచేతిని ఇంకా పట్టుకునే, గంట వైపు చూస్తూ కళ్ళనీళ్ళతో నవ్వుతున్న తోర్దిస్‌ను చూస్తోంది.

"తాళ్ళ సంగతి సరేలే పిన్నీ," అంది. "నా కూతుర్ని చూశావా?"